సుజుకాను బల్ల మీదికి దించడం ఎలా? స్లాట్ కార్ ట్రాక్ కట్టేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు రేసింగ్ సర్క్యూట్‌ను చూసి ఇంట్లో స్లాట్ కార్ ట్రాక్ కట్టుకునేవారికి వచ్చే సందేహాలివి. స్లాట్ కార్ అంటే ట్రాక్‌లోని గాడి వెంట కరెంటుతో పరిగెత్తే బొమ్మ కారు, చేతిలోని కంట్రోలర్ ట్రిగ్గర్ నొక్కి దాని వేగం మారుస్తాం. ఉదాహరణగా జపాన్‌లోని సుజుకాను తీసుకున్నాం. ఎస్ మలుపులు, యూటర్న్ లాంటి హెయిర్‌పిన్, వంతెన, వేగంగా తిరిగే 130ఆర్ మలుపు అన్నీ అక్కడే ఉన్నాయి కాబట్టి కట్టేవాళ్లకు ఎదురయ్యే చిక్కులన్నీ దాంట్లోనే తగులుతాయి. వేరే చెప్పని చోట లెక్కలన్నీ 1/32 స్కేలు (అసలు కారులో 32వ వంతు) కార్లకు, రెండు లేన్లకు.

అసలు సర్క్యూట్‌ను కొలత తప్పకుండా కుదించి కట్టొచ్చా?

కట్టొచ్చు, ఖాళీ ఫంక్షన్ హాలు చేతిలో ఉంటే. సుజుకా పొడవు 5.807 కిలోమీటర్లు. 32తో భాగిస్తే 181 మీటర్లు. మొనాకో చిన్నదే కదా అనుకుంటే అదీ 104 మీటర్లు. స్పా 219 మీటర్లు. 20.832 కిలోమీటర్ల నూర్బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ జోలికి పోతే 651 మీటర్లు, అంటే వీధి చివరి దాకా.

వెడల్పుతోనూ ఇదే పేచీ. 12 మీటర్ల రోడ్డు 1/32లో 37.5 సెంటీమీటర్లవుతుంది. రెండు లేన్ల స్కేలెక్‌స్ట్రిక్ కంపెనీ ప్లాస్టిక్ ట్రాక్ వెడల్పు 15.6 సెంటీమీటర్లే. అందుకే ఇంట్లో కట్టే ట్రాకుల్లో కారుది ఒక స్కేలు, దారిది ఇంకో స్కేలు. 15 మీటర్ల ల్యాప్ కడితే సుజుకా 387 రెట్లు కుదించుకుపోయినట్టు. దాని మీద తిరిగే కారు మాత్రం 32 రెట్లే చిన్నది. ఆ తేడా కంటికి తెలియకుండా చూడటమే ఇక్కడి పనితనం.

మరి ఏది ఉంచాలి, ఏది కోసేయాలి?

మలుపుల వరస ఉంచండి, మలుపుల మధ్య వేగం తేడా ఉంచండి. స్ట్రెయిట్‌లను నిర్దయగా కోసేయండి. మ్యాప్ మీద గీత అచ్చు గుద్దినట్టు రావాలని పట్టుబట్టినవాళ్ల ట్రాకులు గోడకు తగిలిస్తే బాగుంటాయి, నడిపితే ఉండవు. ట్రిగ్గర్ మీది వేలికి సుజుకా తెలియాలి. ఎక్కడ పూర్తిగా నొక్కాలి, ఎక్కడ సగం వదలాలి, ఎక్కడ ఊపిరి బిగబట్టాలి అన్నవి అసలు సర్క్యూట్ వరసలోనే రావాలి.

సుజుకాలో ఆ వరస ఇది: మెయిన్ స్ట్రెయిట్, కుడికి బిగుసుకుంటూ పోయే ఫస్ట్ కార్నర్, ఎడమ-కుడి-ఎడమ-కుడి ఎస్ మలుపులు, ఎడమకు పొడవాటి డన్‌లప్, కుడికి రెండు డెగ్నర్‌లు, వంతెన కింది దారి, ఎడమకు హెయిర్‌పిన్, కుడికి 200ఆర్, ఎడమకు రెండంచెల స్పూన్, బ్యాక్ స్ట్రెయిట్, వంతెన పై దారి, ఎడమకు 130ఆర్, షికేన్ (వేగం తగ్గించే చిన్న మెలిక), కుడికి చివరి మలుపు.

చోటు చాలకపోతే చివరి మలుపును కుదించొచ్చు, హెయిర్‌పిన్‌కు ముందున్న చిన్న కుడి వంపును ఎత్తేయొచ్చు. ఎస్ మలుపులను నాలుగు నుంచి రెండుకు తగ్గిస్తే మాత్రం అది సుజుకా కాదు. ఇంకేదో పేరు పెట్టుకోవాలి.

గీసిన డిజైన్ చివర్లో కలుస్తుందో లేదో ముందే ఎలా తెలుస్తుంది?

కోణాలు కూడండి. కుడి మలుపుకు ప్లస్, ఎడమకు మైనస్. మామూలు గుండ్రపు ట్రాక్ అయితే మొత్తం 360 రావాలి. ఎనిమిది అంకె ఆకారానికి సున్నా రావాలి.

బల్ల మీది సుజుకాకు పనికొచ్చే సరళమైన లెక్క ఇలా ఉంటుంది. ఫస్ట్ కార్నర్ +180. ఎస్ మలుపులు −45, +45, −45, +45. డన్‌లప్ −90. డెగ్నర్‌లు +45, +90. హెయిర్‌పిన్ −180. 200ఆర్ +90. స్పూన్ −180. 130ఆర్ −45. షికేన్ +45, −45. చివరి మలుపు +90. కూడితే సున్నా. పైగా ఈ లెక్కలో వంతెన దగ్గర పై దారి, కింది దారి సరిగ్గా 90 డిగ్రీలకు ఒకదాన్నొకటి దాటుతాయి, కాబట్టి వంతెన చిన్నదైనా సరిపోతుంది.

కోణాలు సరిపోయినంత మాత్రాన రెండు కొసలూ కలవవు, దిశ ఒక్కటే కుదురుతుంది. ఆ మిగిలిన ఖాళీని స్ట్రెయిట్‌ల పొడవుతో సర్దాలి. దానికి ఆటోరెన్‌బాన్‌ప్లానర్ లాంటి సాఫ్ట్‌వేర్ వాడండి. ఆపైన నేల మీద సుద్దముక్కతో అసలు కొలతలో ఒకసారి గీసి చూడండి. తెర మీద విశాలంగా కనిపించిన మూల, నేల మీద చెయ్యి పట్టనంత ఇరుకుగా తేలడం మామూలే.

ఎనిమిది ఆకారం వల్ల ప్రత్యేకమైన లాభం ఏమైనా ఉందా?

ఉంది, అదీ పెద్దదే. గుండ్రపు ట్రాక్‌లో బయటి లేన్ ఎప్పుడూ లోపలి లేన్ కంటే పొడవు. ఎన్ని మెలికలు తిప్పినా ఆ తేడా మారదు, లేన్ల మధ్య దూరాన్ని 6.28తో గుణిస్తే వచ్చేదే తేడా. స్కేలెక్‌స్ట్రిక్‌లో లేన్ల మధ్య 78 మి.మీ. కాబట్టి ల్యాప్‌కు 490 మి.మీ. తేడా. 100 మి.మీ. దూరంతో చెక్క ట్రాక్ కడితే 628 మి.మీ. ఇరవై ల్యాపుల రేసులో బయటి లేన్‌వాడు పన్నెండున్నర మీటర్లు అదనంగా తిరగాలి. ఇక ఇంట్లో గొడవే.

ఎనిమిది ఆకారంలో ఒక సగంలో బయట ఉన్న లేన్ రెండో సగంలో లోపలికొస్తుంది. తేడా సున్నా. హోండా కంపెనీ తన వాహనాల పరీక్షకు 1962లో సుజుకాను కట్టించింది, గీసింది డచ్ డిజైనర్ జాన్ హ్యూగెన్‌హోల్ట్స్. కుడి మలుపులూ ఎడమ మలుపులూ దాదాపు సమంగా పడే ఆ ఆకారం స్లాట్ ట్రాక్‌కు ఇంత చక్కగా కుదరడం మన అదృష్టం.

ఎంత చోటు కావాలి?

12 అడుగులు × 6 అడుగులు, అంటే 3.66 × 1.83 మీటర్లు. 8×4 షీట్లు మూడు తెచ్చి, ఒక్కోదాన్ని 6×4కు కోసి పక్కపక్కన పేరిస్తే సరిగ్గా ఇదే వస్తుంది. మిగిలిన మూడు 2×4 ముక్కలు వంతెనకు, మలుపుల బయటి అంచులకు పనికొస్తాయి.

చోటు చూసుకునేటప్పుడు చెయ్యి అందే దూరమూ చూడాలి. పడిపోయిన కారును మళ్లీ గాడిలో పెట్టాలంటే బల్ల మీదికి వంగి 75 సెంటీమీటర్ల దాకా అందుకోగలం. ఆరడుగుల వెడల్పు బల్లను గోడకు ఆనిస్తే అవతలి సగం అందదు. నాలుగు వైపులా తిరగడానికి దారి ఉంచండి. కార్లు ఎక్కువగా పడే చోట్లను, ముఖ్యంగా డెగ్నర్‌లను, అంచుకు దగ్గరగా తీసుకురండి. మోటార్‌సైకిల్ రేసర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ 1962లో అక్కడ పడ్డాడు కాబట్టే ఆ పేరొచ్చింది. బల్ల మీద కూడా ఆ పేరు నిలబెట్టుకుంటుంది.

ప్లాస్టిక్ ముక్కలా, చెక్కలో గాడి కొట్టడమా?

అద్దె ఇల్లు, పిల్లలు, నెలకోసారి డిజైన్ మార్చాలన్న కోరిక ఉంటే ప్లాస్టిక్. ఒకచోట స్థిరంగా ఉంటుందనుకుంటే చెక్క. మా ఓటు చెక్కకే. ప్లాస్టిక్‌లో కంపెనీ ఇచ్చిన వ్యాసార్ధాలే మనకు గతి. చెక్కలో మలుపు ఎలా కావాలంటే అలా తిరుగుతుంది.

130ఆర్ పేరులోని 130 దాని వ్యాసార్ధమే, మీటర్లలో. 1/32లో అది 4.06 మీటర్లవుతుంది. స్కేలెక్‌స్ట్రిక్‌లో అన్నిటికంటే వెడల్పైన రేడియస్ 4 ముక్క నడిగీత వ్యాసార్ధం 604 మి.మీ. మాత్రమే. రెండు రేడియస్ 4 ముక్కల మధ్య 87 మి.మీ. స్ట్రెయిట్ దూర్చితే కొంచెం విప్పారినట్టు అనిపిస్తుంది, అంతే. చెక్కలో అయితే 1.2 మీటర్ల వ్యాసార్ధంతో కొట్టేయొచ్చు. అప్పుడు ట్రిగ్గర్ వదలాలా వద్దా అన్న అసలు భయం వస్తుంది.

ప్లాస్టిక్‌తో కడితే ఏయే ముక్కలు ఎన్ని?

పైన చెప్పిన కోణాల ప్రకారం స్కేలెక్‌స్ట్రిక్ ముక్కలు ఇలా పడతాయి. హెయిర్‌పిన్‌కు రేడియస్ 1లో 90 డిగ్రీలవి 2. ఫస్ట్ కార్నర్‌కు రేడియస్ 3లో 22.5 డిగ్రీలవి 8, ఎస్ మలుపులకు అవే ఇంకో 8, మొదటి డెగ్నర్‌కు 2, చివరి మలుపుకు 4. రెండో డెగ్నర్‌కు రేడియస్ 2లో 45 డిగ్రీలవి 2, షికేన్‌కు అవే 2. స్పూన్ మొదటి సగానికి రేడియస్ 2వి 2, రెండో సగానికి రేడియస్ 3వి 4. డన్‌లప్‌కు రేడియస్ 4వి 4, 200ఆర్‌కు 4, 130ఆర్‌కు 2.

మొత్తం రేడియస్ 1వి 2, రేడియస్ 2వి 6, రేడియస్ 3వి 26, రేడియస్ 4వి 10. ఈ మలుపులే నడిగీత వెంట సుమారు 8.75 మీటర్లు. 15 మీటర్ల ల్యాప్‌కు ఇంకా 6.25 మీటర్లు కావాలి, అంటే 350 మి.మీ. స్ట్రెయిట్‌లు 18 దాకా. వాటిలో రెండింటి బదులు సగం, పావు ముక్కలు కొని పెట్టుకోండి. చివర్లో కొసలు కలపడానికి అవే దిక్కు. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా కీళ్లలో సర్దుకుంటుంది. సెంటీమీటర్ తేడాను లాగి బలవంతంగా బిగిస్తే ఎక్కడో ఒకచోట పట్టాల కీలు వదులై, కారు అక్కడే ఆగుతుంది.

చెక్కకు ఏ బోర్డు? గాడి కొలతలేమిటి?

12 మి.మీ. ఎండీఎఫ్, అంటే చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన బోర్డు. ప్లైవుడ్‌లో పొరల మధ్య ఖాళీలుంటాయి, గాడి అంచు చిట్లుతుంది. కాకినాడ, విశాఖ లాంటి తీరప్రాంతాల్లో మామూలు ఎండీఎఫ్ వానాకాలంలో ఉబ్బుతుంది. అక్కడ తేమను తట్టుకునే హెచ్‌డీహెచ్‌ఎంఆర్ బోర్డు కొనండి. ఏది కొన్నా కింది వైపు, కోసిన అంచులు, గాడి లోపల కూడా ప్రైమర్ పట్టాల్సిందే. పైన ఒక్కవైపే రంగేస్తే బోర్డు అప్పడంలా వంగుతుంది.

గాడి వెడల్పు 3 మి.మీ., లోతు 7.5 మి.మీ. లేన్ల మధ్య 100 మి.మీ. గాడి నుంచి రోడ్డు అంచుకు కనీసం 80 మి.మీ., మలుపు బయటివైపు 110 మి.మీ. గాడిలో తిరిగేది కారు ముందు అడుగున ఉండే గైడ్ ఒక్కటే, తోక స్వేచ్ఛగా ఊగుతుంది. ఆ ఊపుకు చోటు లేకపోతే వెనక చక్రం రోడ్డు దిగి కారు బోర్లా పడుతుంది.

రౌటర్‌తో గాడి నున్నగా ఎలా కొట్టాలి?

రౌటర్ అంటే గిర్రున తిరిగే బిట్‌తో చెక్కలో గాడి కొట్టే యంత్రం. ముందు నడిగీత పెన్సిల్‌తో గీయండి. మలుపుకు తగ్గట్టు వంగే పీవీసీ పట్టీని ఆ గీతకు సమాంతరంగా, ప్రతి 10 సెంటీమీటర్లకు ఒక స్క్రూతో బిగించండి. రౌటర్ అడుగు పలకను ఆ పట్టీకి ఆనించి నడపాలి. అడుగు పలక గుండ్రంగా ఉంటే మేలు. చతురస్రంగా ఉంటే చెయ్యి కాస్త తిరిగినా గాడి పక్కకు జరుగుతుంది.

పట్టీ ఎప్పుడూ మీరు వెళ్లే దిశకు ఎడమ పక్కన ఉండాలి. బిట్ పైనుంచి చూస్తే సవ్య దిశలో తిరుగుతుంది, కోసేటప్పుడు రౌటర్‌ను ఎడమకు నెడుతుంది. పట్టీ ఎడమన ఉంటే దానికే అతుక్కుని పోతుంది, కుడిన ఉంటే పట్టీని వదిలి పారిపోతుంది. పాడైన గాడుల్లో ఎక్కువ భాగానికి కారణం ఇదే.

లోతు రెండు విడతల్లో కొట్టండి, మొదట 4, తర్వాత 3.5 మి.మీ. ఒకేసారి దింపితే 3 మి.మీ. బిట్ విరుగుతుంది, లేదా కాలి గాడి గోడలు నల్లబడతాయి. బిట్‌లు నాలుగైనా దగ్గర పెట్టుకోండి, ఎండీఎఫ్ జిగురుకు పదును త్వరగా పోతుంది. గాలిలో లేచే పొడి ఊపిరితిత్తులకు చెడ్డది కాబట్టి మాస్కు, వాక్యూమ్ తప్పనిసరి.

రెండో లేన్‌కు మళ్లీ పట్టీ అక్కర్లేదు. రౌటర్ అడుగున బిట్‌కు 100 మి.మీ. దూరంలో ఒక 3 మి.మీ. పిన్ బిగించి, దాన్ని మొదటి గాడిలో నడిపించండి. పిన్‌కూ బిట్‌కూ మధ్య గీత ఎప్పుడూ గాడికి అడ్డంగా, లంబంగా ఉండాలి. అది వాలితే లేన్ల మధ్య దూరం తగ్గిపోతుంది.

షీట్ల అతుకు మలుపు మధ్యలో పడకుండా డిజైన్‌ను జరపండి. అతుకు కింద 18 మి.మీ. ప్లైవుడ్ ముక్క పెట్టి ఫెవికాల్, స్క్రూలతో బిగించి, గాడి ఆ తర్వాతే కొట్టాలి.

రంగు ఏది?

మ్యాట్ ఎమల్షన్, ఫోమ్ రోలర్‌తో మూడు పూతలు. మధ్యమధ్య 320 నంబరు ఎమరీ పేపర్. నలుపు వద్దు, బూడిద రంగు వేయండి, తారురోడ్డు దూరం నుంచి అలాగే కనిపిస్తుంది. నిగనిగలాడే ఎనామిల్ మీద దుమ్ము పడితే టైర్లు జారతాయి. ఇసుక కలిపితే పట్టు వస్తుంది కానీ టైర్లను తినేస్తుంది. రంగు ఆరాక మడిచిన ఎమరీ పేపర్‌ను గాడి పొడవునా ఒకసారి లాగండి. లోపల పేరుకున్న రంగు చుక్క ఒక్కటి చాలు, గైడ్ అక్కడే తట్టుకుంటుంది.

రాగి టేపా, బ్రెయిడా?

కారుకు కరెంటు అందేది వీటి గుండానే. మొదటి ట్రాక్‌కు రాగి టేపు. గాడికి ఇరువైపులా 6 మి.మీ. వెడల్పుది. 15 మీటర్ల ల్యాప్, రెండు లేన్లు, లేన్‌కు రెండు టేపులు, మొత్తం 60 మీటర్లు. వృథాతో కలిపి 66 మీటర్లు కొనండి. రంగు పూర్తిగా ఆరాక, కనీసం రెండు రోజులు ఆగి అంటించాలి. మలుపుల్లో టేపును లాగకుండా వేలితో నిదానంగా తిప్పాలి. లాగితే లోపలి అంచు ముడతలు పడి, అక్కడి నుంచే లేస్తుంది.

అతికిన చోట కారు వెళ్లే దిశలో ముందున్న టేపు కింద, వెనకది పైన ఉండాలి, లేకపోతే కారు గైడ్ కిందున్న అల్లిన తీగ టేపు అంచును పట్టి ఎత్తేస్తుంది. విద్యుత్తు పారే జిగురు అని ప్యాకెట్ మీద రాసి ఉన్నా నమ్మొద్దు, ప్రతి అతుకుకూ పల్చగా టంకం వేయండి.

అల్లిన రాగి పట్టీ, అంటే బ్రెయిడ్, ఎక్కువ కాలం మన్నుతుంది, కరెంటును బాగా మోస్తుంది. కానీ దానికి గాడి పక్కన లోతు తక్కువ గూడు కొట్టాలి. ఆ లోతు ఒక్క 0.2 మి.మీ. తేడా వచ్చినా కారు ఊగుతుంది. రెండో ట్రాక్‌కు చూసుకుందాం.

కరెంటు ఎంత? వైరింగ్ ఎలా?

ఒక్కో లేన్‌కు విడిగా 12 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అడాప్టర్), కనీసం 3 ఆంపియర్లది, మధ్యలో 3 ఆంపియర్ల ఫ్యూజ్. బలహీనమైన ఒక్క అడాప్టర్‌తో రెండు లేన్లకూ ఇస్తే, ఒక కారు పడిపోగానే రెండో కారుకు వోల్టేజీ పెరిగి అదీ ఎగిరిపోతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇక్కడి నుంచి అడాప్టర్ తీసుకెళ్తే ఇన్‌పుట్ 100–240 వోల్టులు అని ఉందో లేదో చూసుకోవాలి.

మూడు వైర్ల కంట్రోలర్‌లో వాడుక ఇది: తెలుపు విద్యుత్తు వచ్చేది, నలుపు ట్రాక్‌కు పోయేది, ఎరుపు బ్రేకుది. ట్రిగ్గర్ వదిలినప్పుడు ఎరుపు వైరు రెండు పట్టాలనూ కలిపేస్తుంది. మోటారు జనరేటర్‌లా మారి తన వేగాన్ని తానే చంపుకుంటుంది. బ్రేకు లేకుండా హెయిర్‌పిన్‌కు పోవడం కష్టం కాబట్టి ఎరుపు వైరును వదిలేయకండి.

కారు ట్రాక్ అవతలి వైపు మందగిస్తోంది. ఎందుకు?

టేపు పల్చన, అంతే. 6 మి.మీ. వెడల్పు, 0.035 మి.మీ. మందం ఉన్న రాగి టేపుకు మీటరుకు సుమారు 0.08 ఓమ్ నిరోధం. 15 మీటర్ల ల్యాప్‌కు ఒకేచోట కరెంటిస్తే, సరిగ్గా అవతలి కొసలో రెండు పట్టాలూ కలిపి 0.6 ఓమ్ పడుతుంది. మోటారు 1 ఆంపియర్ లాగితే 0.6 వోల్టు పోయింది, మలుపు దాటి ఒక్కసారిగా నొక్కినప్పుడు 2 ఆంపియర్లు లాగితే 1.2 వోల్టులు.

బల్ల కింద 1.5 స్క్వేర్ ఎం.ఎం. ఇంటి వైరింగ్ తీగను ట్రాక్ పొడవునా నడిపి, నాలుగు చోట్ల టేపుకు కలపండి. దూరం 3.75 మీటర్లకొకటి పడుతుంది, నష్టం 1 ఆంపియర్‌కు 0.15 వోల్టుకు దిగుతుంది. లేన్ల రంగు తీగలు, కుడి-ఎడమ పట్టాలు తారుమారు కాకుండా ప్రతిచోటా మల్టీమీటర్‌తో చూశాకే టంకం వేయండి. ఒక్క చోట తలకిందులైతే షార్టే.

ప్లాస్టిక్ ట్రాక్‌లో నష్టం పట్టాల్లో కంటే కీళ్లలో ఎక్కువ. అక్కడా ఇదే మందు.

వంతెనకు ఎంత ఎత్తు కావాలి?

1.2 మీటర్ల ఎత్తున్న జీటీ కారు 1/32లో 37.5 మి.మీ. ఎత్తుంటుంది. వంతెన కింద పడిన కారును తీసేందుకు వేళ్లు దూరాలి కాబట్టి కింద 65 మి.మీ. ఖాళీ ఉంచండి. బోర్డు మందం కలిపితే రెండు రోడ్ల మధ్య 80 మి.మీ. తేడా. 6 శాతం వాలు దాటకూడదనుకుంటే ఎక్కడానికే 1.33 మీటర్లు, దిగడానికి ఇంకో 1.33. ఈ బల్ల మీద అంత బ్యాక్ స్ట్రెయిట్ దొరకదు.

అందుకని పై దారిని 40 మి.మీ. లేపి, కింది దారిని 40 మి.మీ. ముంచండి. ఒక్కో వాలుకు 67 సెంటీమీటర్లు చాలు. రోడ్డుకు ఇరువైపులా జిగ్‌సాతో కోస్తే ఎండీఎఫ్ పట్టీ తానే వంగుతుంది. ప్రతి 15 సెంటీమీటర్లకు కింద చెక్క దిమ్మ పెట్టి ఎత్తు నిలపాలి. సుజుకాలో ఎత్తుపల్లాల తేడా సుమారు 40 మీటర్లు. మన 387 రెట్ల కుదింపులో అది 10 సెంటీమీటర్లు. అంటే ఈ 8 సెంటీమీటర్లు వంకకు పెట్టినవి కావు, లెక్కకు దగ్గరగానే ఉన్నాయి.

వాలు కంటే వాలు మొదలయ్యే, ముగిసే చోట్లు ప్రమాదం. నిలువు వంపు వ్యాసార్ధం 1.5 మీటర్లకు తగ్గొద్దు. గైడ్ నుంచి వెనక ఇరుసు దాకా 100 మి.మీ. దూరంలో అప్పుడు వచ్చే ఎగుడు దిగుడు 0.8 మి.మీ. మాత్రమే. అంతకంటే పదునుగా వంచితే, శిఖరం మీద గైడ్ టేపును వదులుతుంది, లోయలో ఛాసిస్ అడుగు రోడ్డుకు రాసుకుంటుంది. ఇంకో మాట, దిగుడు పూర్తయ్యాకే 130ఆర్ మొదలవ్వాలి. దిగుతూ తిరగమంటే ముందు బరువు తేలిపోయి కారు నేరుగా బల్ల దిగుతుంది.

కొత్త కారు ప్లాస్టిక్ మీద బాగా తిరిగింది, చెక్క మీద మొదటి మలుపులోనే పడింది. లోపం ట్రాక్‌దా?

కాదు, అయస్కాంతానిది. ప్లాస్టిక్ ట్రాక్ పట్టాలు ఇనుము జాతివి. కారు అడుగున ఉన్న అయస్కాంతం వాటిని పట్టుకుని కారును నేలకు అదిమి ఉంచుతుంది. రాగిని అయస్కాంతం పట్టదు. చెక్క మీద ఆ అయస్కాంతం దండగ, తీసేయండి.

దాని బదులు ఛాసిస్ మధ్యలో, వీలైనంత కిందికి 5 నుంచి 15 గ్రాముల సీసం అతికించండి. మొదట 5తో మొదలుపెట్టి చూడండి. వెనక టైర్లు గుండ్రంగా లేకపోతే కారు గెంతుతుంది. చదునైన పలకకు ఎమరీ పేపర్ అంటించి, కారుకు తక్కువ వోల్టేజీ ఇచ్చి టైర్లను దాని మీద అరగదీయండి. రంగు వేసిన చెక్క మీద సిలికాన్ టైర్లు బాగా పడతాయి, దుమ్ము తుడుస్తూ ఉండాలి. ఈ మార్పులయ్యాక వేగం తగ్గినట్టు అనిపిస్తుంది. నిజంగానే తగ్గుతుంది. కానీ తోక జారుతుంటే పట్టుకుని నడపడం అప్పుడే మొదలవుతుంది.

ఒకేచోట అందరి కార్లూ తడబడుతున్నాయి.

అందరివీ అయితే ట్రాక్, ఒక్కరిదే అయితే కారు. ట్రాక్ అయితే ఆ చోట వేలితో రుద్ది చూడండి. టేపు అంచు లేచిందా, అతుకులో టంకం గడ్డకట్టిందా, గాడిలో చెత్త ఉందా? మూడూ కాకపోతే టేపు నల్లబడి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవాలి. ఎమరీతో రుద్దితే అప్పటికి మెరుస్తుంది కానీ గీతల్లో మురికి మరింత పట్టేస్తుంది. వానాకాలంలో నెల రోజులు వాడకపోతే ఈ పని తప్పదు.

ల్యాపులు లెక్కించడానికి?

గాడి అడుగున వెలుగును పసిగట్టే ఫోటోట్రాన్సిస్టర్, పైన చిన్న వంతెనకు ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, మధ్యలో ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు. మొదటి కిరణం తెగినప్పుడు లెక్కించి, ఆ తర్వాత ఒక సెకను పాటు పట్టించుకోకుండా ప్రోగ్రామ్ రాయాలి, లేకపోతే వెనక రెక్క వల్ల ఒక్క కారుకే రెండు ల్యాపులు పడతాయి. రీడ్ స్విచ్ చవకే, కానీ దానికి అయస్కాంతం కావాలి. అదే ఇప్పుడు తీసేశాం.

హైదరాబాద్ స్ట్రీట్ సర్క్యూట్ కట్టొచ్చా?

భేషుగ్గా. హుస్సేన్ సాగర్ పక్కన 2.835 కిలోమీటర్లు, 18 మలుపులు. 2023 ఫిబ్రవరి 11న అక్కడ ఎలక్ట్రిక్ కార్ల రేసు ఫార్ములా ఈ జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 1/32లో 88.6 మీటర్లు. 15 మీటర్ల ల్యాప్‌కు 189 రెట్ల కుదింపే, అంటే సుజుకా కంటే సగం నొప్పి.

వీధి సర్క్యూట్‌తో అసలు చిక్కు గోడలు. మీటరు ఎత్తు కాంక్రీటు గోడ 31 మి.మీ. అవుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ రోడ్డు అంచుకే పెడితే తోక ఊగడానికి చోటుండదు, కారు గోడకు రాసుకుంటూ పోతుంది, ఒంటిమీది రంగు పోతుంది. మలుపు బయట గోడను 110 మి.మీ. దూరానికి జరిపి, మెత్తని ఫోమ్‌తో చేసి బూడిద రంగు వేయండి. లోపలి వైపు గట్టి గోడ పెట్టినా పర్వాలేదు. ఇది ఎనిమిది ఆకారం కాదు కాబట్టి లేన్ల తేడా మళ్లీ వస్తుంది. రేసు సగంలో లేన్లు మార్చుకోవాలి.

అంత బల్ల పెట్టే గది లేదు.

హెచ్‌ఓ స్కేలుకు దిగండి, సుమారు 1/64. ఏఎఫ్‌ఎక్స్ కంపెనీ ట్రాక్‌లో లేన్ల మధ్య 38 మి.మీ. మాత్రమే, 8×4 ఒక్క షీటు మీద సుజుకా మలుపులన్నీ పడతాయి. కార్లు మరీ చురుకైనవి, కంటికి ఆనేలోపు మలుపు దాటేస్తాయి. నడిపే తృప్తి 1/32కు రాదు, డిజైన్ చేసే తృప్తికి లోటుండదు.

సుజుకా పక్కనున్న జెయింట్ వీల్ పెట్టాలా?

పెట్టకపోతే చూసినవాళ్లు అడుగుతారు. 1/32లో కడితే అది బల్లకు మరీ పెద్దదవుతుంది. 40–50 సెంటీమీటర్ల చక్రాన్ని బల్ల వెనక అంచున పెట్టండి, ముందు నిల్చుని చూస్తే దూరంగా ఉన్నట్టే అనిపిస్తుంది. ఎక్కడ పెట్టినా ఒక్క స్క్రూతోనే బిగించండి. దాని వెనకాల పడ్డ కారు కోసం ఎప్పుడో ఒకప్పుడు పీకాల్సి వస్తుంది.